సూది ఎవరి చేతిలో, శిక్ష ఎవరి మెడకి?



కొన్నాళ్ళుగా మన పిల్లల మధ్య ఒక మాట గట్టిగా తిరుగుతోంది. "పెద్ద పెద్ద ఆటగాళ్ళంతా ఎలాగూ స్టెరాయిడ్లు వాడేవాళ్ళే. దొంగచాటుగా ఎందుకు, అందరికీ పర్మిషన్ ఇచ్చేస్తే పోలా?" అని. ఈ మాట ఊరికే పుట్టలేదు. ఆరన్ డిసౌజా అనే ఆస్ట్రేలియా వ్యాపారవేత్త 2023లో ‘ఎన్‌హాన్స్‌డ్ గేమ్స్’ అనేదాన్ని మొదలుపెట్టాడు. మందులు వాడినా పరవాలేదు, రికార్డు కొడితే డబ్బులిస్తాం అనేది దాని పద్ధతి. 2026 మే నెలలో లాస్ వేగాస్‌లో పోటీలని ప్రకటించారు. అంతకుముందే, 2025లో, క్రిస్టియన్ గొలొమెయెవ్ అనే గ్రీస్ స్విమ్మర్ మందులు వాడి 50 మీటర్లు 20.89 సెకన్లలో ఈదాడని వీడియో వదిలారు, 10 లక్షల డాలర్లు ఇచ్చారు. అప్పటికి అసలు ప్రపంచ రికార్డు 20.91.

మేం హాస్టల్లో దీని మీద రాత్రులకి రాత్రులు వాదించుకున్నాం. వాదనలో పస ఉండాలంటే చరిత్ర తెలియాలి కదా అని, దొరికినంత చదివాం. అందులోంచి మనకి పనికొచ్చేది ఇక్కడ రాస్తున్నాం. కాస్త పొడుగు పోస్టు, ఓపిక చేసుకోండి.

పర్మిషన్ ఇవ్వాలనేవాళ్ళు ఏమంటారు

ముందు వాళ్ళ మాట సరిగ్గా విందాం. జూలియన్ సవులెస్కు అనే తత్వశాస్త్ర ప్రొఫెసర్ ఇంకో ఇద్దరితో కలిసి 2004లో ఒక వైద్య పత్రికలో వ్యాసం రాశాడు. ఆయన వాదనని మన భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. ఒకటి, పుట్టుకతోనే కొందరికి మంచి ఊపిరితిత్తులు, మంచి కండ వస్తాయి. అది అన్యాయం కాదా? మందు ఆ తేడాని తగ్గిస్తుంది. రెండు, టెస్టులు పెట్టినా దొరికేది కొందరే, కాబట్టి నిజాయితీగా ఆడేవాడే నష్టపోతున్నాడు. మూడు, దొంగచాటుగా వాడితే ప్రమాదం, డాక్టరు చూస్తుండగా వాడితే ప్రమాదం తక్కువ. దీనికి ఇంకో మాట కూడా కలుపుతారు: నా శరీరం నా ఇష్టం.

ఇవి తేలిగ్గా కొట్టిపారేసే మాటలు కావు. మలావత్ పూర్ణ 2014లో ఎక్కిన ఎవరెస్ట్‌నే చూడండి. ఆ కొండ ఎక్కేవాళ్ళలో ఎక్కువమంది సిలిండర్ ఆక్సిజన్ వాడతారు, దాన్ని మోసం అని ఎవరూ అనరు. మరి స్టెరాయిడ్ మాత్రం ఎందుకు మోసం? ఈ ప్రశ్నకి మాలో చాలామంది తడబడ్డాం.

తర్వాత చరిత్ర చదువుతుంటే మాకు ఒక సంగతి అర్థమైంది. ఈ వాదనలన్నిటిలో మందు వాడాలా వద్దా అని నిర్ణయించేది ఆటగాడే అని ముందే అనుకుంటున్నారు. నిజంగా జరిగిన కథల్లో మాత్రం ఆ నిర్ణయం చాలాసార్లు వేరేవాళ్ళ చేతిలో ఉంది.

మందు రాకముందు, వచ్చాక

బలం అంటే మన తెలుగు నేలకి కొత్తేం కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్నారని ఇప్పటికీ కథలు చెప్పుకుంటాం. ఆయన 1942లో పోయారు. కృష్ణా జిల్లాకి చెందిన దండమూడి రాజగోపాలరావు గారు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో వెయిట్ లిఫ్టింగ్ కాంస్యం తెచ్చారు. ‘నర్తనశాల’ సినిమాలో భీముడు ఆయనే. వాళ్ళ కాలానికి ఆటల్లో స్టెరాయిడ్ మాట ఇక్కడిదాకా రాలేదు.

మగవాళ్ళ హార్మోన్ టెస్టోస్టిరాన్‌ని ల్యాబులో తయారుచేసింది 1935లో. దాని మీద పనిచేసిన బుటెనాంట్, రుజిచ్కాలకి 1939 నోబెల్ రసాయన బహుమతి వచ్చింది. కండ పెంచే స్టెరాయిడ్లన్నీ దానికి చుట్టాలే. ఇవి కండలో ప్రోటీన్ తయారీని పెంచుతాయి, కసరత్తు చేశాక శరీరం త్వరగా కోలుకునేలా చేస్తాయి. కసరత్తు లేకుండా మందు తిన్నా కొంత బలం వస్తుంది. కసరత్తు చేస్తే మామూలు మనిషి రోజుకి మోయగలిగినదానికంటే ఎక్కువ మోయిస్తుంది, మర్నాడు మళ్ళీ మోయిస్తుంది. 1954లో వియన్నాలో జరిగిన ప్రపంచ వెయిట్ లిఫ్టింగ్ పోటీల్లో, రష్యా వాళ్ళు టెస్టోస్టిరాన్ వాడుతున్నారని అమెరికా టీం డాక్టర్ జాన్ జీగ్లర్‌కి తెలిసింది. 1958లో సీబా కంపెనీ ‘డయనబాల్’ మాత్ర అమెరికాలో అమ్మకానికి తెచ్చింది, జీగ్లర్ దాన్ని తన దగ్గరి లిఫ్టర్లకి ఇచ్చాడు. చూశారా, మొదటి అడుగులోనే మందు ఇచ్చిన చెయ్యి డాక్టరుది.

ఒలింపిక్ కమిటీ స్టెరాయిడ్లని నిషేధించింది 1975లో, వాటికి టెస్టు మొదలెట్టింది 1976 మాంట్రియల్లో.

తూర్పు జర్మనీ నీలం మాత్రలు

"డాక్టరు చూస్తుండగా వాడితే మంచిదే కదా" అనేవాళ్ళు ఈ కథ తప్పకుండా తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ ప్రయోగం ఒక దేశం మొత్తం చేసి చూసింది.

తూర్పు జర్మనీ ప్రభుత్వం 1974లో ‘స్టేట్ ప్లాన్ 14.25’ అనే రహస్య పథకం పెట్టింది. యెనాఫార్మ్ కంపెనీ తయారుచేసిన ఓరల్ టురినాబోల్ అనే నీలం మాత్రల్ని ఆటల స్కూళ్ళలో పిల్లలకి ఇచ్చారు. చాలామందికి ఇవి విటమిన్లని చెప్పారు. డోసు ఎంతో డాక్టర్లే లెక్కగట్టారు, రికార్డులు రాశారు. మొత్తం మీద సుమారు 10 వేల మంది ఆటగాళ్ళు ఈ పథకంలో నలిగారని అంచనా. 1976 మాంట్రియల్లో మహిళల ఈతలో 13 బంగారు పతకాలుంటే 11 ఆ చిన్న దేశానికే వెళ్ళాయి.

తర్వాత బెర్లిన్ గోడ కూలింది, కాగితాలు బయటపడ్డాయి. ఆ అమ్మాయిల్లో చాలామందికి గొంతు బొంగురుపోయింది, ఒంటి మీద వెంట్రుకలు పెరిగాయి. కాలేయం, గుండె, గర్భం జబ్బులు వచ్చాయి. హైడీ క్రీగర్ 1986లో షాట్‌పుట్‌లో యూరప్ ఛాంపియన్. ఆమెకి 16వ ఏట నుంచి ఆ మాత్రలు పెట్టారు. తర్వాత ఆపరేషన్ చేయించుకుని ఆండ్రియాస్ క్రీగర్‌గా బతుకుతున్నారు. తానెవరో తానే తేల్చుకునే అవకాశాన్ని ఆ మందు లాగేసుకుందనేది ఆయన బాధ.

మరి శిక్ష? పథకం నడిపిన క్రీడా పెద్ద మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్, డాక్టర్ మాన్‌ఫ్రెడ్ హెప్నర్‌ల మీద 2000లో బెర్లిన్ కోర్టు నేరం రుజువు చేసింది. ఎవాల్డ్‌కి 22 నెలలు, హెప్నర్‌కి 18 నెలలు. రెండూ సస్పెండ్ చేసిన శిక్షలే, జైలుకి వెళ్ళింది లేదు. శరీరం పాడైనవాళ్ళకి మాత్రం సస్పెన్షన్ ఏమీ లేదు, అది జీవితాంతం.

ఇక మన ఇంటి సంగతి

2000 సిడ్నీ ఒలింపిక్స్. ఆడవాళ్ళ వెయిట్ లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే ఆ ఏడాది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లేశ్వరి గారు 69 కేజీల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ. ఆ తర్వాత ఊళ్ళల్లో అమ్మాయిల్ని బార్బెల్ దగ్గరికి పంపడానికి తల్లిదండ్రులకి ఒక ధైర్యం వచ్చింది. పతకం వస్తే రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం, ఇంటికి ఒక ఆధారం.

ఆ దారిలోనే మందు కూడా వచ్చింది. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో మన దేశం లిఫ్టర్లు ఇద్దరు టెస్టులో దొరికి పతకాలు పోగొట్టుకున్నారు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఇద్దరు అమ్మాయిలు దొరికారు. 2006లో మళ్ళీ వరసగా కేసులు, దేశం మీదే ఏడాది నిషేధం. 2009లో ఆరుగురు.

ఆ ఆరుగురిలో మన ఆంధ్రా అమ్మాయి శైలజ పూజారి ఉన్నారు. 2002 మాంచెస్టర్‌లో 75 కేజీల విభాగంలో మూడు బంగారు పతకాలు తెచ్చిన మనిషి. 2006లో ఒకసారి దొరికి నిషేధం అనుభవించారు, 2009లో రెండోసారి దొరికారు. 2010లో జీవితకాల నిషేధం వేశారు. రూలు ప్రకారం అది సరైనదే కావచ్చు, దాని మీద తీర్పు చెప్పేవాళ్ళం మేం కాదు. మేం అడిగేది ఇంకొకటి. అదే 2009 కేసులకి అంతర్జాతీయ సమాఖ్య మన వెయిట్ లిఫ్టింగ్ ఫెడరేషన్‌కి 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఆ డబ్బు కట్టేసి, సొంతగడ్డ మీద జరిగిన 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకి టీం దర్జాగా దిగింది. పదేళ్ళలోపు ఇన్నిసార్లు ఒకే ఆటలో ఇంతమంది దొరికితే, అది విడివిడిగా పిల్లలు చేసిన తప్పేనా? క్యాంపులో అన్నం పెట్టేది ఎవరు, ప్రాక్టీస్ చేయించేది ఎవరు, ఎవరు ఏం మింగుతున్నారో చూడాల్సింది ఎవరు? ఫెడరేషన్ తప్పుకి ఒక రేటు ఉంది, కడితే అయిపోతుంది. ఆటగాళ్ళ తప్పుకి రేటు లేదు, బతుకే కట్టాలి.

2011లో పరుగుపందెం వంతు. 2010లో కామన్వెల్త్, ఆసియా క్రీడలు రెండింట్లో 4×400 రిలే బంగారం గెలిచిన టీంలోంచి అశ్విని అక్కుంజి, మన్‌దీప్ కౌర్, సిని జోస్‌లు స్టెరాయిడ్‌తో దొరికారు. క్యాంపులో ఇచ్చిన జిన్సెంగ్ క్యాప్సూళ్ళలోంచి వచ్చిందని వాళ్ళు చెప్పుకున్నారు. ఉక్రెయిన్ కోచ్ యూరి ఒగొరోద్నిక్‌ని తీసేశారు. అమ్మాయిలకి చివరికి రెండేళ్ళ నిషేధం పడింది, ఒలింపిక్స్ ఏడాది 2012 చేజారిపోయింది.

ఇక్కడ కెనడా చేసిన పని ఒకటి గుర్తు పెట్టుకోవాలి. 1988 సియోల్‌లో బెన్ జాన్సన్ 100 మీటర్లు 9.79లో పరుగెత్తి స్టెరాయిడ్‌తో దొరికాక, ఆ ప్రభుత్వం 1989లో జడ్జి చార్లెస్ డూబిన్‌తో బహిరంగ విచారణ పెట్టింది. కోచ్ చార్లీ ఫ్రాన్సిస్‌ని, మందులిచ్చిన డాక్టర్ ఆస్టాఫాన్‌ని పిలిచి, ప్రమాణం చేయించి, జనం ముందే చెప్పించింది. దొరికినవాడి దగ్గర ఆగకుండా, ఇచ్చినవాడి దాకా వెళ్ళింది.

సంతోషి పోగొట్టుకున్నది

మందు వాడనివాళ్ళకి ఏం జరుగుతుందో చెప్పే కథ కూడా మన తెలుగు నేల మీదే ఉంది. విజయనగరం జిల్లా కొండవెలగాడ అంటే వెయిట్ లిఫ్టర్ల ఊరు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కేజీల విభాగంలో కాంస్యం తీసుకున్నారు. బంగారం గెలిచింది నైజీరియా అమ్మాయి చికా అమలాహా. తర్వాత టెస్టులో ఆమె మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందులతో దొరికింది. ఇవి స్టెరాయిడ్లు కావు గాని, స్టెరాయిడ్ ఆనవాళ్ళు కనపడకుండా చెయ్యడానికీ, బరువు తగ్గడానికీ వాడతారని నిషేధంలో ఉన్నాయి. ఆమె పతకం లాగేశారు, సంతోషి కాంస్యం వెండి అయింది.

వెండి వచ్చిందిలే అనుకుంటాం. కానీ స్టేడియంలో రెండో మెట్టు మీద నిలబడే క్షణం మళ్ళీ రాదు. మందు వాడనివాళ్ళ నుంచి మందు దొంగిలించేది ఇదే. ఆటని ఫ్రీగా వదిలేయమనేవాళ్ళు సంతోషికి ఏం చెప్తారు? "నువ్వు కూడా వాడాల్సింది" అనే కదా. అప్పుడు వాడటం ఇష్టం కాదు, తప్పనిసరి. అందరికీ పర్మిషన్ అంటే, వద్దనేవాళ్ళకి ఆటలో చోటు లేదని అర్థం. ఎవరెస్ట్ సిలిండర్‌కీ దీనికీ తేడా కూడా ఇక్కడే మాకు దొరికింది. పక్కవాడు సిలిండర్ పెట్టుకున్నంత మాత్రాన మన ఒంట్లోకి ఏమీ ఎక్కదు, మన గుండె చెడిపోదు.

ఇంకో సంగతి. దొరికిన ఆ నైజీరియా అమ్మాయికి అప్పుడు 16 ఏళ్ళు. మన ఇంటర్ ఫస్టియర్ చెల్లి వయసు.

పుంజుని ఎవరు అడిగారు

గోదావరి జిల్లాల్లో ఉంటున్నాం కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేం. సంక్రాంతి వస్తే భీమవరం వైపు, కోనసీమ వైపు బరులు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. 2024 పండక్కి, రాణిఖేత్ తెగులుతో నీరసపడ్డ పుంజులకి వయాగ్రా, శిలాజిత్తు లాంటివి పెట్టి బరిలో దింపుతున్నారని పత్రికలు రాశాయి. పందెం డబ్బు యజమానిది, కత్తి పుంజు కాలికి. మందు తినాలా వద్దా అని పుంజుని ఎవరూ అడగరు.

మనుషుల ఆట వేరు అంటారా? బెట్టు ఎవరిది, దెబ్బ ఎవరికి అని చూస్తే మరీ అంత వేరుగా లేదు. పతకం వస్తే ఫెడరేషన్‌కి పేరు, కోచ్‌కి ప్రమోషన్, లాస్ వేగాస్‌లో అయితే పెట్టుబడి పెట్టినవాళ్ళకి వ్యాపారం. దెబ్బతినేది ఒక్క శరీరమే.

ఇది మన సమస్య ఎందుకంటే

అమలాపురం సాత్విక్ సాయిరాజ్, తణుకు జ్యోతికశ్రీ ఒలింపిక్స్ దాకా వెళ్ళారు. స్టువర్టుపురం పేరు చెబితే ఒకప్పుడు పోలీసు రికార్డులే గుర్తొచ్చేవి. బ్రిటిష్‌వాళ్ళు మన ఎరుకుల కుటుంబాల మీద నేరస్థ జాతి అని ముద్ర వేసి పెట్టిన సెటిల్మెంట్ అది. ఆ ఊరి కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కేజీల విభాగంలో 338 కేజీలు ఎత్తి బంగారం తెచ్చాడు. ఆట ఒక ఊరి పేరుకే అర్థం మార్చేయగలదు. అందుకే రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు వైపు పిల్లలు కూడా ఈ దారి చూస్తున్నారు. స్పోర్ట్స్ కోటా, కానిస్టేబుల్ సెలక్షన్లలో 1600 మీటర్ల పరుగు, ఆర్మీ ర్యాలీ. మనకి ఆటంటే ఉద్యోగం.

ఉద్యోగం కావాల్సినవాడి దగ్గరికే సూది త్వరగా వస్తుంది. ఆపరేషన్లలో బీపీ పడిపోతే ఇచ్చే మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లని జిమ్ కుర్రాళ్ళకి అమ్ముతుంటే తెలంగాణలో డ్రగ్స్ కంట్రోల్ అధికారులు పట్టుకున్నారు. అది స్టెరాయిడ్ కాదు, ఉత్ప్రేరకం. కొనే కుర్రాడికి ఆ తేడా ఏం తెలుస్తుంది? "అన్నా, ఇది కొట్టు, దమ్ము వస్తది" అంటే చాలు. వాడా లెక్కల ప్రకారం 2023లో మన దేశంలో 5,606 శాంపిళ్ళు చూస్తే 213, 2024లో 7,113 చూస్తే 260 నిషేధిత మందులతో తేలాయి. ఎక్కువ టెస్టులు చేసే పెద్ద దేశాల్లో ఈ శాతం మనదే ఎక్కువ.

"డాక్టర్ పర్యవేక్షణ" అనే మాట మన ఊళ్ళల్లో పెట్టి చూడండి. కాన్పుకి కూడా డోలీ కట్టి మోసుకురావాల్సిన ఊళ్ళున్నాయి మనకి. నెలనెలా గుండె, కాలేయం, హార్మోన్లు చూసి డోసు సరిచేసే డాక్టరు ఎక్కడ దొరుకుతాడు? పర్మిషన్ ఇస్తే డాక్టరు లాస్ వేగాస్‌కి వస్తాడు. మనకి సూది ఒక్కటే వస్తుంది. ఎదిగే వయసులో స్టెరాయిడ్ పడితే ఎముకల ఎదుగుదల ముందే ఆగిపోవచ్చు. ఆడపిల్లల గొంతు మారితే మందు ఆపినా వెనక్కి రాదు.

మరి ఇప్పుడున్న నిషేధం బాగుందా అంటే

అదీ పూర్తిగా లేదు. ఇప్పటి రూలు ఏంటంటే, శాంపిల్లో మందు దొరికితే బాధ్యత ఆటగాడిదే. ఎలా వచ్చింది అనేది శిక్ష తగ్గించుకోవడానికి ఆటగాడే నిరూపించుకోవాలి. సాత్విక్ ఆడే బ్యాడ్మింటన్‌లోనే చూడండి. 2014లో మలేషియా స్టార్ లీ చాంగ్ వీ డెక్సామెథసోన్‌తో దొరికాడు. ఇది వాపు తగ్గించే స్టెరాయిడ్, కండ పెంచేది కాదు. మోసం చేసే ఉద్దేశం లేదని విచారణలో ఒప్పుకున్నారు, 8 నెలల నిషేధంతో బయటపడ్డాడు. ఆయనకి న్యాయం జరిగింది, సంతోషమే. అదే మన హాస్టల్ పిల్ల అయితే? లాయరు, ల్యాబు రిపోర్టు, విమానం టికెట్టు ఎవరు పెడతారు? రూలు అందరికీ ఒకటే, నిరూపించుకునే స్తోమతే ఒకటి కాదు.

పుస్తకంలో మంచి రూలు లేకపోలేదు. మైనర్లు దొరికితే వాళ్ళ కోచ్‌ని, చుట్టూ ఉన్నవాళ్ళని తప్పకుండా విచారించాలని వాడా కోడ్‌లోనే ఉంది. 2022లో మన పార్లమెంటు జాతీయ డోపింగ్ నిరోధక చట్టం కూడా చేసింది. ఆ విచారణ మన జిల్లా అకాడమీల దాకా రావాలి, దాని ఫలితం అందరికీ తెలియాలి.

కాబట్టి మా హాస్టల్ వాదన చివరికి తేలింది ఇది. పర్మిషన్ ఇవ్వకూడదు. నిషేధం ఉండాలి, కానీ దాని బరువు ఇచ్చినవాడి మీద కూడా అంతే పడాలి. కోచ్, డాక్టరు, అమ్మినవాడు, చూసీ చూడనట్టున్న ఫెడరేషన్, అందరి మీదా. ఏకలవ్యుడి కథ మన పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. గురువు అడిగితే కాదనలేని శిష్యుణ్ణి పట్టుకుని "నీ ఇష్టంతోనే ఇచ్చావుగా" అనడం ఎంత అన్యాయమో మనకి తెలుసు.

అప్పటిదాకా మనం చేయగలిగినవి కొన్ని. ఎవరు ఏ మాత్ర ఇచ్చినా, పొడి ఇచ్చినా పేరు అడగండి, చీటీ మీద రాయించుకోండి, డబ్బా, బిల్లు పారెయ్యొద్దు. నాడా వాళ్ళ ‘నో యువర్ మెడిసిన్’ యాప్‌లో ఆ మందు పేరు కొట్టి చూడండి. ఫోన్ లేని తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి మీరు చూసి చెప్పండి. జబ్బు చేసి డాక్టరు దగ్గరికి వెళ్తే "నేను పోటీల్లో ఆడతాను" అని ముందే చెప్పండి. పేరు చెప్పకుండా సూది వేస్తానంటే, ఎంత పెద్ద కోచ్ అయినా సరే, చెయ్యి వెనక్కి లాక్కోండి. సెలక్షన్ మళ్ళీ వచ్చే ఏడాది ఉంటుంది.

మీ అకాడమీలో, మీ గ్రౌండులో ఏం జరుగుతుందో కింద రాయండి. పేర్లు అక్కర్లేదు. పర్మిషన్ ఇవ్వాలనేవాళ్ళు కూడా రాయండి, వాదించుకుందాం.

జై ఆదివాసీ.